అయ్య నంబర్ పోయాక చేసుకున్న లెక్క

 

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. రీచార్జ్‌లు, టీవీ ఖర్చు తగ్గించుకోబోయి మా ఇంట్లో ఏం జరిగిందో రాస్తున్నాం. రాసేది మేమిద్దరం, అన్నాచెల్లెళ్ళం. ఒకరం డిగ్రీ అయిపోయి చర్ల దగ్గర ఊళ్ళోనే పొలం చూసుకుంటూ గ్రూప్స్‌కి చదువుతున్నాం, ఇంకొకరం ఖమ్మంలో హాస్టల్‌లో ఉన్నాం. మా కింద ఇంకో చెల్లె ఉంది. ఈ కథలో నష్టపోయింది అదే. దాన్ని అడిగే రాస్తున్నాం.

2024 జూలైలో ప్రైవేటు ఫోన్ కంపెనీలన్నీ ఒక్కసారే రేట్లు పెంచాయి, మీకూ గుర్తుండే ఉంటుంది. మా ఇద్దరి ఫోన్లలో 239 ఉన్న ప్లాన్ 299 అయింది. అయ్యది వేరే కంపెనీ, అక్కడ 179 ఉన్నది 199 అయింది. అప్పుడు ఒక రాత్రి కూర్చుని నోట్‌బుక్‌లో లెక్క రాశాం. నెల అంటే 30 రోజులని బడిలో చెప్పారు గానీ రీచార్జ్ దుకాణంలో నెల 28 రోజులే. ఏడాదికి 12 కాదు, 13 సార్లు కట్టాలి. అయ్యది 2,587. మా ఇద్దరిదీ తలా 3,887. టీవీకి నెలకు 280 చొప్పున 3,360. మొత్తం 13,721 రూపాయలు. మధ్యలో డేటా అయిపోయి వేసుకున్న చిన్న చిన్నవి రాయలేదు, రాయడానికి సిగ్గేసింది.

మా కల్లంలో తునికాకు కట్టకు మూడు రూపాయలు పడింది. కట్టకు 50 ఆకులు. 299 రీచార్జ్ అంటే వంద కట్టలు. తెల్లారకముందే అడవికి పోయి కోసి, ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుని కట్టలు కట్టడం ఎట్లా ఉంటుందో మీకు మేము చెప్పాలా.

సరే, తగ్గిద్దాం అనుకున్నాం. ఎవరిది తగ్గించాం? మా ఇద్దరివీ ముట్టుకోలేదు. చదువుకోవాలి కదా అనుకున్నాం. (చదువుకున్నది ఎంత, రీల్స్ చూసింది ఎంత అనేది మాకు తెలుసు.) అయ్య రీచార్జ్ ఆపేశాం, అమ్మ టీవీ మార్చేశాం. సంపాదించే ఇద్దరివీ కోసేసి, ఖర్చుపెట్టే ఇద్దరివీ ఉంచుకున్నాం. అప్పుడు మాకు అది తప్పుగా కూడా అనిపించలేదు.

ముందు టీవీ సంగతి. డీడీ ఫ్రీ డిష్ గురించి తెలిసే ఉంటుంది. నెలనెలా కట్టేది ఏమీ ఉండదు, బాక్స్ ఒకసారి కొనుక్కుంటే చాలు. మా పాత డిష్‌నే తిప్పి పెట్టారు. బాక్స్‌కి, పనికి కలిపి 1,200 అయింది. డీడీ యాదగిరి, సప్తగిరి వచ్చాయి, హిందీ ఛానెళ్ళు బోలెడు వచ్చాయి, తరగతుల వారీగా పాఠాలు చెప్పే పీఎం ఈ-విద్య ఛానెళ్ళూ వచ్చాయి. అమ్మ చూసే రెండు సీరియళ్ళు మాత్రం రాలేదు. అమ్మ ఏమీ అనలేదు. వారం తర్వాత చూస్తే, సాయంత్రం వంట తొందరగా ముగించి పిన్ని వాళ్ళ పక్కింట్లో గడప దగ్గర కూర్చుని చూస్తోంది. లోపలికి రమ్మన్నా పోకుండా గడప దగ్గరే. పగలంతా పత్తిలో పనిచేసి వచ్చిన మనిషి.

ఆ బాక్స్ తీసి పిన్నికి ఇచ్చేశాం. వాళ్ళకు అసలు కనెక్షనే లేదు, పిల్లలు బడి పాఠాలు చూస్తున్నారు, మంచిదే. మేము పాత కనెక్షన్ మళ్ళీ పెట్టించుకున్నాం, కానీ ప్యాక్ తీసేయించాం. 2019 నుంచి ఉన్న రూల్ ప్రకారం మనకు కావాల్సిన ఛానెళ్ళు విడివిడిగా ఎంచుకోవచ్చు. చాలామంది ఇళ్ళల్లో ఎవరూ చూడని స్పోర్ట్స్, ఇంగ్లీషు ఛానెళ్ళకు కూడా కడుతూ ఉంటారు, మేమూ అంతే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ప్యాక్ వద్దు, ఫలానా ఛానెళ్ళు మాత్రమే ఇవ్వండి అని గట్టిగా అడగాలి. వాళ్ళు ఇంకో ప్యాక్ చెప్తారు, మళ్ళీ అడగాలి. మాకు 280 పోయి 200 అయింది. అమ్మ సీరియళ్ళు రెండూ వస్తున్నాయి.

ఇప్పుడు అయ్య ఫోన్. అయ్యది బటన్ల ఫోన్. 199 ప్లాన్‌లో డేటా కూడా ఉండేది, ఆ ఫోన్‌లో ఇంటర్నెట్టే రాదు. ఏళ్ళ తరబడి వాడని దానికి కట్టాం. "అయ్యా, ఇంట్లో మా ఫోన్ ఉందిగా, నీకెందుకు" అని ఆగస్టులో ఆపేశాం. అయ్య "సరే బిడ్డా" అన్నాడు. ఫోన్ గూట్లో పెట్టాడు. కొన్నాళ్ళకు చార్జింగ్ పెట్టడం కూడా మానేశాడు.

2025 మే నెలలో చెల్లెకు దోస్త్ రిజిస్ట్రేషన్. డిగ్రీ సీటుకు దోస్త్‌లో పేరు నమోదు చేసుకోవాలంటే ఆధార్‌కు లింకైన నంబర్‌కు ఓటీపీ వస్తుంది. చిన్నప్పుడు ఆధార్ దిగినప్పుడు మా ఇంట్లో ఉన్నది ఒకే ఫోన్, కాబట్టి అందరి ఆధార్‌కీ అయ్య నంబరే. మా ఇద్దరివీ తర్వాత మార్చుకున్నాం, చెల్లెది అట్లాగే ఉంది. గూట్లోంచి ఫోన్ తీసి రీచార్జ్ చేయబోతే, ఆ నంబర్ మాది కాదు. వేరే ఎవరికో ఇచ్చేశారు.

ఆ నంబర్‌కు ఫోన్ చేశాం. వేరే జిల్లా అన్న ఒకాయన ఎత్తాడు. విషయం అంతా చెప్పి "ఓటీపీ వస్తుంది, చెప్తారా అన్నా" అని అడిగాం. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు కదా తమ్ముడూ" అన్నాడు. ఆయన తప్పేం లేదు, మేమైనా చెప్పం.

ఆధార్‌లో నంబర్ మార్చుకోవడానికి అప్పుడు మనిషి పోవాల్సి వచ్చింది. భద్రాచలం పోయాం. ఒక రోజు లైన్, ఇంకో రోజు సర్వర్ లేదు. అప్పుడు ఫీజు 50 రూపాయలే, బస్సు చార్జీలు, రెండు రోజుల కూలి వేరే. అప్‌డేట్ అయ్యేసరికి మొదటి విడత అయిపోయింది. మీసేవలో వేలిముద్రతో కూడా దోస్త్ రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చని మాకు ఆ తర్వాత తెలిసింది. ఇది మాత్రం ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోండి, మీ ఊళ్ళో ఇంటర్ అయిన పిల్లలకు చెప్పండి. రెండో విడతలో 200 బదులు 400 కట్టి నమోదు చేశాం. చెల్లె ఖమ్మంలో అక్క దగ్గర ఉండి చదవాలనుకుంది, అక్క కాలేజీలోనే, అదే కోర్సు. సీట్లు నిండిపోయాయి. కొత్తగూడెంలో వచ్చింది. చదువుతోంది, బాగానే చదువుతోంది. కానీ జ్వరం వచ్చినా, భయం వేసినా ఒక్కతే. దసరాకు వచ్చినప్పుడు "మీరు మిగిల్చింది ఎంత అన్నా" అని అడిగింది. పది రీచార్జ్‌లు, 1,990 రూపాయలు. ఆ సంఖ్య దానికి చెప్పడానికి నోరు రాలేదు.

ఈ గొడవలో తెలుసుకున్నవి రాస్తున్నాం.

ప్రీపెయిడ్ నంబర్‌ను 90 రోజులు అసలు ఏమీ వాడకపోతేనే కంపెనీ తీసేయాలి. ఆ 90 రోజులు అయ్యేసరికి మెయిన్ బ్యాలెన్స్‌లో 20 రూపాయలు ఉంటే, ఆ 20 కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. ట్రాయ్ రూల్ ఇది, 2013 నుంచి ఉంది. మెయిన్ బ్యాలెన్స్ అంటే ప్యాక్ కాదు, టాక్‌టైమ్. మేము మెయిన్ బ్యాలెన్స్‌లో సరిపడా టాక్‌టైమ్ వేసి ఉంచి ఉంటే నంబర్ మాదిగానే ఉండి ఉండేది. ఇంట్లో ఏ ఫోన్ ఆపినా, ముందు ఆ నంబర్ ఎక్కడెక్కడ ఉందో చూడండి: ఆధార్, బ్యాంకు, రేషన్ కార్డు. అమ్మ ఖాతాలో తునికాకు డబ్బులు పడిన మెసేజ్ కూడా ఆ అన్నకే పోయి ఉంటుంది.

రెండోది, బటన్ల ఫోన్‌కి డేటా కొనక్కర్లేదు. కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్ కూడా కంపెనీలు పెట్టాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ చెప్పింది. అట్లాంటి ప్లాన్‌కు గడువు 90 రోజులు దాటకూడదని ఉన్న హద్దును 365 రోజులకు పెంచింది. 2025 జనవరి నుంచి అవి వచ్చాయి. అయ్య కొత్త నంబర్‌కు మేము వేసింది 1,849, ఏడాది మొత్తానికి. మీరు చూసేసరికి రేటు మారి ఉండొచ్చు. దుకాణంలో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, "డేటా లేనిది" అని అడగాలి.

ఇక్కడే మాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. 299 మూడుసార్లు వేస్తే 897. అదే కంపెనీలో, రోజుకు అదే డేటాకు 84 రోజుల ప్లాన్ అప్పుడు 799. ఒకేసారి ఎక్కువ కట్టగలిగినవాడికి తక్కువ పడుతుంది, మూడు వందలు దొరకబుచ్చుకుని కట్టేవాడికి ఎక్కువ పడుతుంది. మన ఇళ్ళల్లో డబ్బు 28 రోజులకోసారి రాదు. తునికాకు పైసలు వానాకాలం ముందు, పత్తి పైసలు చలికాలంలో. వచ్చినప్పుడు చేతిలో ఆగవు. అందుకని ఇప్పుడు తునికాకు డబ్బులు పడగానే అయ్య ఏడాది రీచార్జ్, పత్తి అమ్మగానే మా 84 రోజులవి తీసేస్తున్నాం. నాలుగుసార్లు 799, మిగిలిన 28 రోజులకు ఒక 299, కలిపి 3,495. మనిషికి 392 తగ్గింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, నెలనెలా అదే తేదీకి వచ్చేది ఒకటి ఉంచాలని కూడా 2022 నుంచి రూల్ ఉంది, అదీ అడిగి చూడండి.

పోర్ట్ గురించి చాలామంది అడుగుతారు. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబర్ రాసి 1900కి పంపితే కోడ్ వస్తుంది, నాలుగు రోజుల్లో వాడుకోవాలి. కానీ తొందరపడొద్దు. తక్కువ రేటని మారిపోయి, ఫోన్ మాట్లాడటానికి గుట్ట ఎక్కేవాళ్ళు మా ఊళ్ళోనే ఇద్దరున్నారు. ఆ కంపెనీ సిమ్ ఉన్న దోస్తు దగ్గర ఫోన్ రెండు రోజులు అడిగి తీసుకోండి. ఇంట్లో, చేను దగ్గర, వాన పడినప్పుడు ఎట్లా ఉందో చూడండి. సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకు 4జీ ఇవ్వడానికి 2022లో కేంద్రం బీఎస్‌ఎన్‌ఎల్‌కి పని అప్పజెప్పింది. మీ దగ్గర కొత్త టవర్ లేచి ఉంటే ఇంకోసారి చూసుకోవచ్చు. మా ఊరికైతే ఒక్క కంపెనీయే సరిగా అందుతుంది, మేము మారలేదు.

ఇంతకీ మొత్తం ఎంత మిగిలింది అంటారా? అయ్యది 1,849, మా ఇద్దరిదీ 6,990, టీవీ 2,400. మొత్తం 11,239. పాత లెక్క మీద 2,482 తక్కువ. కానీ కొత్తగూడెంలో ఒక్కతే ఉంటోంది కాబట్టి చెల్లెకు ఇప్పుడు సొంత ఫోన్ కావాలి, దానికి 3,495. అంటే ఇంటి ఖర్చు తగ్గలేదు, 1,013 పెరిగింది. ఆ వెయ్యి మా రీల్స్‌లోంచి ఎట్లా తీయాలా అని చూస్తున్నాం. ఇద్దరం ఊళ్ళో ఉన్నప్పుడు ఒక ఫోన్ హాట్‌స్పాట్‌తోనే నడుపుతున్నాం. టీశాట్ వీడియోలు ఖమ్మంలో లైబ్రరీ వైఫైలో దించుకుంటున్నాం. మీ దగ్గర ఇంకేమైనా ఉపాయం ఉంటే కింద రాయండి.

అయ్య ఫోన్ మళ్ళీ జేబులోకి వచ్చింది. రోజూ సాయంత్రం ఏడింటికి కొత్తగూడెం ఫోన్ చేసి "తిన్నావా బిడ్డా" అని అడుగుతాడు, ఒక్క నిమిషమే, పెట్టేస్తాడు. నంబర్ గడువు ఏ రోజు అయిపోతుందో చెల్లె వంటింటి గోడ మీద బొగ్గుతో రాసి పోయింది. మొన్న అమ్మ ఇల్లు అలికింది, ఆ ఒక్క జాగా వదిలేసి.