మాల వేసుకున్నాక మాత్ర సంగతి

నంద్యాల జిల్లా ఆత్మకూరు దాటితే నల్లమల మొదలవుతుంది. శివరాత్రి దగ్గరపడేకొద్దీ వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలానికి నడిచిపోయే భక్తులతో ఊరు కిటకిటలాడుతుంది. వాళ్లలో శివమాల వేసుకున్నవాళ్లూ ఉంటారు. మాల మెడలో పడిన రోజు నుంచి బీడీ, సిగరెట్టు, మద్యం బంద్.

మేం ఒక మందుల షాపు ముందు నిలబడి ఉండగా రుద్రాక్షమాలతో ఓ పెద్దాయన వచ్చాడు. చేతిలో మడతలు పడి నలిగిన చీటీ. ఉబ్బసానికి ఏళ్లుగా వాడుతున్న డెరిఫిలిన్ కావాలి.

‘‘మాల వేసినప్పట్నుంచి నిద్ర పట్టడం ల్యా నాయనా. గుండె దడదడ అంటాంది, కడుపులో తిప్పుతాంది.’’

షాపతను మాత్రలు తీయబోయి ఆగాడు. ‘‘బీడీలు మానినావా పెద్దాయనా?’’

రోజుకో కట్ట తాగేవాడట. పూర్తిగా మానేశాడు.

‘‘అయితే ముందు డాక్టరుకు చూపించు. మాత్ర తగ్గించాల్నేమో అడుగు. నీ అంతట నువ్వు ఆపొద్దు.’’

బీడీలు మానినావా అన్నది ఎంతో విలువైన ప్రశ్న. డెరిఫిలిన్‌లో థియోఫిలిన్ ఉంటుంది. దాన్ని కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. పొగాకు కాలినప్పుడు పుట్టే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఈ ఎంజైమును ఎక్కువగా తయారు చేయిస్తాయి. అందుకే పొగ తాగేవాళ్ల ఒంట్లోంచి థియోఫిలిన్ ఒకటిన్నర నుంచి రెండింతల వేగంతో వెళ్లిపోతుంది, మోతాదు పెంచాల్సి వస్తుంది. పొగ మానితే వారం తిరిగేసరికి ఎంజైము జోరు తగ్గుతుంది. మాత్ర మాత్రం పాతదే! రక్తంలో మందు పేరుకుని వాంతులు, గుండెదడ మొదలవుతాయి, మరీ ఎక్కువైతే ఫిట్సూ రావచ్చు. కాఫీలోని కెఫీన్‌కూ ఇదే దారి. బీడీ మానినవాళ్లకు ఎప్పుడూ తాగే కాఫీయే నిద్ర చెడగొడితే, అదంతా మానేసినందువల్ల కలిగే చిరాకేనని సరిపెట్టుకుంటారు.

ఇదే ఎంజైము విచ్ఛిన్నం చేసే, మానసిక వ్యాధులకు ఇచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్ విషయంలో చిక్కు ఇంకా పెద్దది. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధం. ఆసుపత్రి వార్డులో ఎటూ తాగనివ్వరు. పొగ లేని ఆ రోజుల్లోనే మోతాదు కుదురుతుంది. మనిషి ఇంటికొచ్చి మళ్లీ సిగరెట్టు అందుకుంటాడు. కొద్దిరోజుల్లో రక్తంలో మందు పడిపోతుంది, అనుమానాలు, మాటలు వినిపించడం తిరిగొస్తాయి. ‘‘మాత్రలు మింగకుండా పారేస్తున్నావా?’’ అని ఇంట్లోవాళ్లు గద్దిస్తారు. పాపం, అతను వేళకు మింగుతూనే ఉంటాడు. డిశ్చార్జి చీటీలో మోతాదు పక్కనే ‘పొగ తాగుతారా, మానారా’ అని ఒక గడి ఉండి తీరాలి.

ఎంజైముతో పనిలేని నష్టాలూ ఉన్నాయి. నికోటిన్ చర్మం కింది రక్తనాళాలను బిగించి ఇన్సులిన్ పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతూ పొగ తాగే 35 ఏళ్లు దాటిన స్త్రీలకు గుండెపోటు, పక్షవాతం ముప్పు బాగా పెరుగుతుంది.

ఇదంతా విని బీడీయే మేలనుకుంటే పొరపాటు. మార్చుకోవాల్సింది మాత్ర మోతాదు. పెద్దాయనకు వచ్చిన సందేహం వేరు: మాల తీశాక మళ్లీ బీడీ మీద మనసు పోతే? నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీ కాలేయాన్ని అలా ఉసిగొల్పవు, పొగ లేదు గనక. డాక్టరును అడిగి వాడుకోవచ్చు. మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. 2018 సెప్టెంబరు నుంచి పొగాకు ప్యాకెట్ల మీదే దాన్ని అచ్చువేస్తున్నారు. షాపతను దాన్ని చీటీ వెనక పెద్ద అంకెల్లో రాసిచ్చాడు.