కొడగు: తుపాకి చేతికి, జింక అడవికి

మైసూరు నుంచి మడికెరి సుమారు 120 కి.మీ. కుశాలనగర్ దాటగానే రోడ్డు మెలికలు తిరగడం మొదలవుతుంది. ఇరువైపులా సిల్వర్ ఓక్ నీడలో కాఫీ తోటలు, చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు. దేశంలో పండే కాఫీలో దాదాపు మూడో వంతు ఈ ఒక్క జిల్లాదే. తోటల నడుమ అక్కడక్కడా ఐన్‌మనెలు, అంటే వంశమంతటికీ ఉమ్మడిగా ఉండే పాత పెంకుటిళ్లు. అలాంటి ఇంటి గోడ మీద సైనిక దుస్తుల్లోని పూర్వీకుల ఫోటోలు, కణితి కొమ్ములు కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఆ ఇంట్లో తుపాకి ఉన్నా ఆశ్చర్యం లేదు. మరోచోట అయితే పోలీసులు వెంటనే లైసెన్స్ ఏదని అడుగుతారు. ఇక్కడ మినహాయింపు పత్రం చూపిస్తే చాలు.

ఈ వెసులుబాటుకు నూటయాభై ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం జనం చేతుల్లోని ఆయుధాలను లాక్కుంటున్న రోజుల్లో, 1861లో కమిషనర్ మార్క్ కబ్బన్ కొడవలను ఆ చట్టం నుంచి మినహాయించారు. అది విధేయతకు దక్కిన బహుమతి. స్వాతంత్ర్యం వచ్చాక 1959 నాటి ఆయుధాల చట్టం కింద కూడా మినహాయింపు కొనసాగింది. కొడవ జాతివారితో పాటు, సైనిక సేవకు ప్రతిఫలంగా వంశపారంపర్యంగా సంక్రమించిన జమ్మా భూములున్నవారికీ ఇది వర్తిస్తుంది. ఒక రైఫిల్, దానికి వంద తూటాలు. నున్నటి గొట్టం ఉన్న తుపాకి ఒకటి, దానికి ఐదొందల తూటాలు. హక్కుకున్న హద్దు అది.

హక్కు ఉన్నంత మాత్రాన ఏ తుపాకి కొనాలో తేలిపోదు. ఒకప్పుడు దుప్పి కోసమో, అడవి పంది కోసమో కొండెక్కే సగటు కొడవ రైతు ముందున్న లెక్క సూటిగానే ఉండేది. ధర అందుబాటులో ఉండాలి, రోజంతా మోసినా భుజం నొప్పి పుట్టకూడదు, వానకు చెడిపోకూడదు. ఏటా 3,000 మి.మీ. దాటి వాన కురిసే ఊళ్లున్న సీమలో మూడో షరతే ముఖ్యం. గొట్టం మూతి నుంచి మందు దట్టించే పాత నాటు తుపాకి చవకే. కానీ మందు చెమ్మగిల్లితే అది కర్రతో సమానం. .315 రైఫిల్ దూరంలోని గురిని కొడుతుంది. సైన్యం వాడే తూటాలు పౌరులకు నిషిద్ధం కావడంతో మన వేటగాళ్లకు దక్కిన రైఫిల్ అది. కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారవుతుంది. కానీ ధర ఎక్కువ, బరువు మూడు కిలోలు దాటుతుంది.

అందుకే మధ్యే మార్గంగా 12 బోర్ సింగిల్ బ్యారెల్ నిలిచింది. మధ్యకు విరిచి ఒకే తూటా పెట్టి మూసే ఈ తుపాకిలో కదిలే భాగాలు తక్కువ. నూనె గుడ్డతో తుడిస్తే తరాలు మన్నుతుంది. ఇలాంటి తుపాకులకు బీహార్‌లోని ముంగేర్ పేరున్న ఊరు. 1760లలో బెంగాల్ నవాబు మీర్ ఖాసిం రాజధానిని అక్కడికి మార్చి ఆయుధశాల పెట్టించినప్పటి నుంచి ఆ ఊరికి అదే వృత్తి. అయితే తేలిక తుపాకికి ఓ చిక్కుంది. బరువు తగ్గేకొద్దీ పేలినప్పుడు భుజాన్ని తన్నడం పెరుగుతుంది. పైగా చిన్న సీసపు గుళ్లు ముప్పై, నలభై మీటర్లు దాటితే చెదిరిపోతాయి. ఉన్నది ఒక్క తూటా. గురి తప్పితే మళ్లీ నింపేలోగా జింక పొదల్లో మాయమవుతుంది. గాయపడి పారిపోతే అది మరీ పాపం. దాంతో వేటగాడు ఓపికగా దగ్గరికి వెళ్లడం నేర్చుకోవాల్సి వచ్చేది.

ఆ విద్యతో ఇప్పుడు పనిలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన కొత్తలో లైసెన్స్‌తో వేటాడే వీలు కొంత ఉండేది. 1991 సవరణ ఆ తలుపు కూడా మూసేసింది. నేడు నాగరహొళె అంచున కణితినో దుప్పినో కాల్చినవాడికి మినహాయింపు పత్రం అక్కరకు రాదు. తుపాకి ఉంచుకునే హక్కు వేరు, దాన్ని దేనిపై పేల్చవచ్చన్నది వేరు. పులిని చంపినవాడిని దాని పక్కనే పెళ్లికొడుకులా కూర్చోబెట్టి సత్కరించిన ‘నరి మంగళ’ వేడుక కూడా చరిత్రలో కలిసిపోయింది. ఇప్పుడు ఏనుగులు తోటల్లో పడుతున్నాయి, పందులు పంట తవ్వేస్తున్నాయి. రైతు చేతిలో తుపాకి ఉన్నా దాన్ని ఆకాశం వైపు పేల్చి బెదరగొట్టడమే అతడు చేయగలిగేది.

మరి ఒక్క జాతికే ఈ ప్రత్యేకత ఎందుకు? ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. అందరికీ సమానంగా వర్తించాల్సిన చట్టంలో కులం, భూమి హక్కు ఆధారంగా మినహాయింపు వివక్షేనని పిటిషనర్ వాదన. కొడవలు యోధజాతి అని, ఈ మినహాయింపు స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉందని గుర్తు చేస్తూ కర్ణాటక హైకోర్టు 2021లో దాన్ని సమర్థించింది. జనరల్ తిమ్మయ్యను, ఫీల్డ్ మార్షల్ కరియప్పను దేశానికిచ్చిన నేలపై ఆ మాట కాదనేవారు తక్కువే. అయినా పిటిషనర్ లేవనెత్తిన ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. పక్కనే అడవి అంచున బతికే ఇతర రైతులకూ ఏనుగుల బెడద ఉంది, మినహాయింపు మాత్రం లేదు. పైగా ఈ హక్కు శాశ్వతమూ కాదు. కేంద్రం 2019లో దాన్ని పదేళ్లకు, అంటే 2029 వరకు పొడిగించింది. ఆ తర్వాత మళ్లీ ఢిల్లీ వైపు చూడాల్సిందే.

అప్పటిదాకా పండుగ ఆగదు. నాట్లు ముగిశాక సెప్టెంబర్ తొలినాళ్లలో కైల్‌పోళ్ద్ వస్తుంది. పొలం పనుల రోజుల్లో పూజగదిలో విశ్రాంతి తీసుకున్న తుపాకులు బయటికొస్తాయి. వాటి మూతిలో ‘తోక్ పూ’ గుచ్చుతారు. అంటే తుపాకి పువ్వు, మన అగ్నిశిఖ. ఒకప్పుడు ఈ పూజ ముగియగానే ఊరంతా వేటకు కదిలేది. ఇప్పుడు పంది కూర పెంపుడు పందులదే. తుపాకి గురి ఎత్తయిన చెట్టుకు కట్టిన కొబ్బరికాయ. ఎవరు ముందు పగలగొడితే వారే ఆ పూట వీరులు.

కొడవల ఇళ్లలో మగబిడ్డ పుడితే ఒక గుండు పేల్చడం ఆచారం. ఎవరైనా పోతే వెంటవెంటనే రెండు. జింక కోసం కొన్న తుపాకి ఇప్పుడు మోగుతున్నది ఎక్కువగా మనుషుల కోసమే. రెండో మోత వినిపించిందంటే తోటల్లో పనులు ఆపి ఎవరింట్లోనో కనుక్కుని అటు నడుస్తారు. ఆ మోత పరిధిలోని అడవిలో కణితి ఒక్క క్షణం తలెత్తి, మళ్లీ మేతలో పడుతుంది.