మంచుకొండల దగ్గరకు మనుమలతో

మా ఊరు మంగళగిరి. మే నెలలో కొండరాళ్లు కాగి, పొద్దుగూకినా వేడి ఊరి మీదకు కొడుతూనే ఉంటుంది. మంచు అంటే మాకు డిసెంబరు తెల్లవారుజామున పత్తిచేల మీద పరచుకొనే పొగమంచే. 147వ కీర్తనలో కీర్తనకారుడు మంచును గొర్రెబొచ్చుతో పోల్చాడు. అది చదివినప్పుడల్లా మా కళ్లకు మాత్రం జిన్నింగు మిల్లులో కుప్పపోసిన దూదే కనబడేది. అలాంటి మమ్మల్ని 2023 జూన్‌లో, అమెరికాలోని సియాటిల్‌లో ఉంటున్న మా అబ్బాయి, కోడలు అలాస్కా ఓడ ప్రయాణానికి తీసుకువెళ్లారు. మాతోపాటు ఆరేళ్ల మనుమరాలు, ఏడాదిన్నర మనుమడు వచ్చారు.

సంతోషం కన్నా ముందు భయమే కలిగింది. సముద్రమంటే మా తరంవారికి 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనే గుర్తుకు వస్తుంది. ఇక 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణానదిలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ప్రకాశం జిల్లావారు.

"చంటిబిడ్డను మంచు సముద్రంలోకి ఎందుకు నాయనా? మేము ఇంటి దగ్గర వాడిని చూసుకుంటాం, మీరు వెళ్లిరండి" అన్నాము.

"ఆరు నెలలు నిండని బిడ్డలను ఓడవాళ్లే ఎక్కించుకోరు నాన్నా. వీడికి ఏడాదిన్నర. డాక్టరుగారిని కూడా అడిగాము" అన్నాడు మా అబ్బాయి. ప్రార్థన చేసుకొని ఒప్పుకున్నాము.

మావలె పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. సియాటిల్‌లో బయలుదేరి మళ్లీ అక్కడికే వచ్చే అలాస్కా ఓడలు దారిలో కెనడా రేవులో ఆగుతాయి. మా ఓడ విక్టోరియాలో ఆగింది. కాబట్టి భారతదేశపు పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా వీసా కూడా కావాలి. అమెరికా వీసా మరల ప్రవేశించడానికి పనికివచ్చేదై ఉండాలి.

ఓడ కదలకముందే, ఆపద వస్తే ఎవరు ఎక్కడ చేరాలో చూపించారు. చిన్నవాడి కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ తెచ్చి ఇచ్చారు. తాము చేరవలసిన చోటి నంబరు వేసిన పట్టీలు పిల్లల చేతులకు కట్టారు. ఆ పట్టీలు చూశాక మా భయం సగం తగ్గింది.

మిగిలిన కష్టం మేము తెచ్చుకున్నదే. డబ్బు పెట్టి వచ్చాము గనుక పిల్లలకు అన్నీ చూపించాలని తొందరపడ్డాము. కెచికాన్ అనే రేవులో ఏడాదికి దాదాపు 150 అంగుళాల వాన పడుతుంది. ఆ వానలోనే వారిని వీధులన్నీ తిప్పాము. చిన్నవాడు తడిసి, వణికి, ఏడుపు ఆపలేదు. అక్కడ జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది గనుక వాడికి నిద్ర కూడా పట్టలేదు. కిటికీ తెర మూసి, ఇంట్లో పాడే పాటే పాడి, భుజం మీద వేసుకొని తిప్పాము.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 33వ అధ్యాయం తీశాము. ఏశావు కలిసి వెళ్దామన్నప్పుడు యాకోబు తొందరపడలేదు. బిడ్డలు పసివారని, వారి నడకను బట్టి మెల్లగా వస్తానని చెప్పాడు. ఎన్నోసార్లు చదివిన మాట, ఆ రోజు మాకే చెప్పినట్టయింది. మరునాటి రేవులో ఒక్క గంట మాత్రమే దిగి వచ్చేశాము.

తరువాత గ్లేసియర్ బే చేరాము. ఇది ఉత్తర ధ్రువం కాదు, ఆర్కిటిక్ వృత్తానికి ఇంకా దక్షిణంగానే ఉంది. అయినా మాకది లోకపు కొసలాగే ఉంది. మార్జరీ అనే హిమానీనదం ముందు ఓడ నిలిచింది. దాని ముఖం ఒక మైలు వెడల్పు, నీటి పైకి సుమారు 250 అడుగుల ఎత్తు. మా మంగళగిరి గాలిగోపురం 153 అడుగులు. దానికి ఒకటిన్నర రెట్లు ఎత్తున్న నీలిమంచు గోడ అనుకోండి.

ఓడలోకి వచ్చిన పార్కు ఉద్యోగి ఆ చోటి చరిత్ర చెప్పాడు. 1794లో వాంకోవర్ అనే నావికుని మనుషులు వచ్చినప్పుడు ఈ అఖాతమంతా మంచే. 1916 నాటికి ఆ మంచు సుమారు 60 మైళ్లు వెనక్కి పోయింది. అంతకుముందు మంచు ముందుకు పొర్లినప్పుడు, అక్కడ కాపురమున్న ట్లింగిట్ జనులు ఊళ్లు విడిచి పడవల్లో వెళ్లిపోయారట.

"తాతయ్యా, వాళ్ల పిల్లలకు జాకెట్లు ఉన్నాయా?" అని అడిగింది మా మనుమరాలు. ఏం చెప్పాలో తోచలేదు. "వాళ్ల అమ్మలు గట్టిగా పట్టుకొని ఉంటారమ్మా" అన్నాము.

మంచు మీద నుండి వచ్చే గాలి ముఖానికి సూదుల్లా తగిలింది. చిన్నవాడి చెంపలు ఎర్రబడి ఏడుపు మొదలైంది. అందరూ మంచు విరిగిపడే క్షణం కోసం ఎదురుచూస్తున్నారు. మేమిద్దరం వాడిని తీసుకొని లోపలికి వచ్చేశాము. గోరువెచ్చని పాలు తాగిస్తుండగా బయట పెద్ద ఉరుము ఉరిమినట్టయింది. ట్లింగిట్ జనులు దాన్ని తెల్లని ఉరుము అంటారట. మేము అద్దం దగ్గరకు పరుగెత్తేసరికి నీటి మీద అలలు మాత్రమే మిగిలాయి.

"అయ్యో, మీరు చూడలేకపోయారు అత్తయ్యా!" అని కోడలు బాధపడింది. మాకూ కొంచెం వెలితిగానే ఉంది. అంత దూరం మరల ఎప్పుడు వెళ్తాము? కాని పాలు తాగిన చిన్నవాడు మా ఒడిలో, ఆ ప్రయాణమంతటిలో మొదటిసారి హాయిగా నిద్రపోయాడు.

అలాస్కాకు మనలో అందరూ వెళ్లరు. అయితే సెలవుల్లో భవానీ ద్వీపానికి, నాగార్జునకొండకు, పాపికొండలకు బిడ్డలతో పడవ ఎక్కుతాము. సండేస్కూలు పిల్లలను కూడా తీసుకువెళ్తాము. ఎక్కకముందే, చిన్నవాళ్లకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందా అని అడగండి. లేదంటే మొహమాటపడకుండా ఒడ్డునే ఆగిపొండి. టికెట్ డబ్బు పోయినా ఫరవాలేదు. పడవ ఎక్కాక బిడ్డ ఏడిస్తే, వాడి కోసం ఒక వింత చూడకపోయినా నష్టం లేదు. బిడ్డల నడకను బట్టి మెల్లగా నడవడానికి ప్రభువు మనందరికీ ఓర్పు దయచేయును గాక.