ముందు ‘ఐ’ పెట్టాలి

తెలుగులో మనం ‘నేను’ అనకుండా రోజంతా గడిపేయొచ్చు. వండాను, ఉతికాను, కరెంటు బిల్లు కట్టాను. ఆ చివరి ‘ను’లోనే మనం ఉంటాం. వండాడు, వండింది, వండారు... ఎవరో చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ సదుపాయం లేదు. నేను వండినా, అత్తగారు వండినా, మరిది వండినా ఒకటే ‘కుక్ట్’. అందుకే ముందు ‘ఐ’ పెట్టి తీరాలి.

మా గాజువాకలో పక్కింటి అక్కకి ఇంగ్లీషు చెబుతుంటే ఇది బాగా తెలిసొచ్చింది. వాళ్ళింటికి ఇంకో జీతం కావాల్సి వచ్చింది. దగ్గర్లో చిన్నపిల్లల స్కూల్లో టీచరుకి సాయంగా ఉండే ఉద్యోగం ఉంది, ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనట. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక గంటసేపు కూర్చునేవాళ్ళం.

“నిన్న చేసిన పనులు అయిదు వాక్యాల్లో రాయండక్కా” అన్నాను.

“ఏటి రాయమంటావమ్మా, ఏమీ చెయ్యలేదు కదా!” అంటూ ఆవిడ ఒక్క వాక్యం రాశారు: ఐ డిడ్ నాట్ డిడ్ ఎనీథింగ్.

“మనం ‘చేశానులేదు’ అంటామా అక్కా? ‘చెయ్యలేదు’ అంటాం. లేదు చేరగానే ‘చేశాను’ రూపం పోతుంది. నేనైనా, ఆయనైనా, వాళ్ళైనా చెయ్యలేదే. ఇంగ్లీషులోనూ అంతే. డిడ్ వచ్చిందంటే వెనక మాట మామూలు రూపానికి వచ్చేయాలి. డిడ్ నాట్ డూ, డిడ్ నాట్ గో. ప్రశ్నలో కూడా డిడ్ యూ ఈట్?” అన్నాను. ఆ ఒక్క పోలికతో పట్టుబడిపోయింది.

ఇంటిపనుల మాటలు చాలావరకు బుద్ధిమంతులు, చివర ‘ఈడీ’ చేరిస్తే చాలు. పలకడంలోనే తేడా: వాష్ట్, క్లీన్డ్, వెయిటెడ్. బజారు పనులే మొండివి. గో వెంట్, బై బాట్, బ్రింగ్ బ్రాట్, పే పెయిడ్. ఇవి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోవడమే.

ఇంకో చిక్కుంది. ‘చేశాను’ అన్న ఒక్క మాటతో మనం ఐ డిడ్, ఐ హావ్ డన్ రెండూ నెట్టుకొస్తాం. ఇంగ్లీషులో జరిగిన కాలం చెప్పేస్తే హావ్ రాదు. దీనికి మన ఊరినే వాడుకున్నాను. ది పోర్ట్ ఓపెన్డ్ ఇన్ 1933. పీపుల్ ఫాట్ ఫర్ ది స్టీల్ ప్లాంట్ ఇన్ 1966. ఇందిరా గాంధీ లెయిడ్ ది ఫౌండేషన్ స్టోన్ ఇన్ 1971. ఉక్కు ఉద్యమం కథలు వాళ్ళ మావగారు ఇప్పటికీ చెబుతుంటారు. అక్కకి ఆ సంవత్సరాలు నోటికొచ్చు.

వారం తర్వాత మళ్ళీ అయిదు వాక్యాలు అడిగాను. ఈసారి పేజీ నిండింది. ఐ టాట్ మై సన్ మాథ్స్. ఐ సేవ్డ్ మనీ ఫర్ ఫీజ్. ఐ టుక్ కేర్ ఆఫ్ మై మదర్-ఇన్-లా ఫర్ సిక్స్ ఇయర్స్.

“ఇక్కడ హావ్ ఎందుకు పెట్టలేదక్కా?” అని పరీక్షగా అడిగాను.

“అత్తగారు పోయారు కదమ్మా. ఆ పని అయిపోయింది” అన్నారు.

వ్యాకరణం పూర్తిగా సరిపోయింది. నాకే కాసేపు మాట రాలేదు. ఆరేళ్ళు మంచం దగ్గర చేసిన సేవ. అన్నాళ్ళూ అడిగినవాళ్ళకి ఆవిడ ‘ఇంట్లోనే ఉంటున్నా’ అనే చెప్పారు.

ఇంటర్వ్యూలో “ఇన్నేళ్ళూ ఏం చేశారు?” అని ఇంగ్లీషులో అడిగారట. ఆ పేజీలోవే వరసగా చెప్పి వచ్చారు, ప్రతి వాక్యం ముందూ ‘ఐ’ పెట్టి. స్కూలు నుంచి ఫోన్ ఇంకా రాలేదు.

మీరూ ఈ రాత్రి ఓ అయిదు రాసి చూడండి. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. ‘ఐ’ మాత్రం వదలకండి.