ఎనిమిది వందలు మిగులుతాయన్న సలహా

"ఇప్పుడు వెళ్ళకపోతే ఎనిమిది వందల డాలర్లు చేతులారా పారేసుకున్నట్టేనమ్మా." 2020 సెప్టెంబరు చివర్లో మా పెద్దాడపడుచు భర్త ఫోన్లో అన్న ఈ మాట ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆయన్ని నేను అన్నయ్యగారు అంటాను. వాళ్ళది డాలస్, మాది అట్లాంటా పక్కన ఆల్ఫరెట్టా. ఆయన సలహా ఏమిటంటే, కోవిడ్ కాలంలో అందరూ భయపడి ఇంట్లో కూర్చున్నారు కాబట్టి అక్టోబరులో మేమంతా ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్ళి రావాలని.

ఆయన గాలిమాటలు చెప్పలేదు. మార్చి మధ్యలో మూతపడ్డ డిస్నీ వరల్డ్‌లో జూలై 11న మ్యాజిక్ కింగ్‌డమ్, యానిమల్ కింగ్‌డమ్, 15న ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ తెరిచారు. జనాన్ని పరిమితంగా వదులుతున్నారు కాబట్టి లైన్లు లేవు. హోటళ్ళు బాగా చవకగా దొరుకుతున్నాయి. మా చిన్నదానికి నవంబరులో మూడేళ్ళు నిండుతాయి. మూడు నిండనివాళ్ళకు అక్కడ టికెట్ లేదు. పెద్దాడికి డిసెంబరులో పదేళ్ళు నిండుతాయి. పది నిండితే పెద్దవాళ్ళ టికెట్ కొనాలి. జనవరిలో వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు మార్చి 22న ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేయడంతో మా దగ్గరే ఉండిపోయారు. వాళ్ళ స్టే పొడిగింపు కోసం ఐ-539 దరఖాస్తుకి 370, బయోమెట్రిక్స్‌కి ఇద్దరికీ 170, మొత్తం 540 డాలర్లు అప్పటికే కట్టాం. "ఎలాగూ ఉన్నారు, అత్తయ్య మామయ్యలకి మళ్ళీ ఈ అవకాశం వస్తుందా?" అన్నారు అన్నయ్యగారు.

చివరగా ఆయన వేసిన పాచిక, కోవిడ్ సహాయంగా ప్రభుత్వం ఇచ్చిన స్టిమ్యులస్ డబ్బు. నాకు హెచ్-4 వర్క్ పర్మిట్ (ఈఏడీ) మీద సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంది కాబట్టి ఆ వసంతంలో మా ఇంటికి భార్యాభర్తలిద్దరికీ 2,400, పిల్లలిద్దరికీ 1,000, మొత్తం 3,400 వచ్చింది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేక ఐటిన్ మీద ఉన్న భార్యతో కలిపి రిటర్న్ వేసిన మా స్నేహితులకు అప్పట్లో ఒక్క డాలరూ రాలేదు. "అనుకోకుండా వచ్చిన డబ్బు, అనుకోకుండా వచ్చిన సెలవు, దేవుడే కలిపాడమ్మా" అన్నారాయన.

ఆ రాత్రి కూర్చుని లెక్క రాశాను. మేము అనుకున్న తేదీలకు నాలుగు రోజుల టికెట్ పన్నుతో కలిపి పెద్దవాళ్ళకు దాదాపు 480. నలుగురికి 1,920. పెద్దాడికి 460. చిన్నదానికి సున్నా. టికెట్లే 2,380. వంటగది ఉన్న హోటల్ సూట్ రాత్రికి 110 చొప్పున ఐదు రాత్రులకు 550, అదీ ముందే కట్టేసే ధర. రానుపోను 900 మైళ్ళు, మా వ్యాన్ గ్యాలన్‌కి 25 ఇస్తుంది, పెట్రోలుకు 80. పార్కింగ్ రోజుకు 25 చొప్పున 100. తిండికి 300. మొత్తం 3,410. చేతికొచ్చిన డబ్బుకు పది డాలర్లే ఎక్కువ! ఆ అంకె చూసి మా వారు కూడా మెత్తబడ్డారు.

మిగులు లెక్క కూడా సరిగ్గానే ఉంది. చిన్నదాని టికెట్ 460, పెద్దాడి టికెట్ తేడా 20, హోటల్లో రాత్రికి 60 చొప్పున 300, పెట్రోలులో ఓ 20. ఎనిమిది వందలు.

అయితే ఆ ఎనిమిది వందల్లో సగానికి పైగా చిన్నదాని వయసు మీద నిలబడ్డ డబ్బే. ఆ వయసుకే అప్పట్లో ఇంకో నిబంధన ఉండేది. రెండేళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ మాస్కు పెట్టుకోవాలి. టికెట్ తప్పించే వయసే మాస్కును నెత్తిన వేస్తోంది. ఫ్లోరిడా ఎండలో రోజంతా మూతికి గుడ్డ కట్టుకుని తిరగడం రెండేళ్ళ పిల్ల వల్ల అవుతుందా? మధ్యాహ్నానికే హోటల్‌కి తిరిగొస్తే మాలో ఒకరి టికెట్ సగం వృథా. పైగా బాణసంచా లేదు, ఊరేగింపు లేదు, మిక్కీని దూరం నుంచి చూడాల్సిందే తప్ప పిల్లలు హత్తుకోవడానికి లేదు, ఒకే రోజు రెండు పార్కులు తిరగడానికి లేదు. ఇన్ని తీసేసినా టికెట్ ధర మాత్రం తగ్గించలేదు. తగ్గినవి హోటలూ పెట్రోలూ మాత్రమే.

అసలు ప్రశ్న వేసింది మామయ్యగారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. కాగితం మీద అంకెలన్నీ చూసి, "వద్దనుకుంటే డబ్బు తిరిగిస్తారా అమ్మా?" అని అడిగారు.

అక్కడ నా కళ్ళు తెరుచుకున్నాయి. తేదీ వేసిన టికెట్లకు డబ్బు తిరిగివ్వరు, వాడని విలువను తర్వాతి టికెట్లకు జమ వేస్తారు. ముందే కట్టిన హోటల్ డబ్బు రాదు. అంటే 2,930 డాలర్లు ఇరుక్కుంటాయి. మామూలు ప్రయాణ బీమా భయపడి మానుకుంటే ఇవ్వదు, పైగా అప్పటికి కోవిడ్ అందరికీ తెలిసిన ప్రమాదం. ఏ కారణానికైనా రద్దు చేసుకునే వీలున్న పాలసీ అడిగితే 280 చెప్పారు. అది ఇచ్చేది మహా అయితే 75 శాతం. పాలసీ కొని, చివర్లో మానుకుంటే పావు వంతు కింద దాదాపు 730, ప్రీమియం 280, కలిపి 1,010 పోతాయి. ఎనిమిది వందలు మిగుల్చుకోవడానికి వెయ్యి పణంగా పెట్టాలన్నమాట.

ఇంక జబ్బు లెక్క. మాలో ఒక్కరికి సోకినా ఇంటిల్లిపాదీ పద్నాలుగు రోజులు గడప దాటకూడదన్నది అప్పటి నిబంధన. మా వారిది ఇంటి నుంచి పని, ఫరవాలేదు. నాది ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఫ్రంట్ డెస్క్, గంటకు 21 డాలర్లు, వారానికి ఇరవై గంటలు, జీతంతో సెలవు లేదు. రెండు వారాలకు 840 పోతుంది. ఎవరికీ పెద్దగా జ్వరం కూడా రాకపోయినా ఆ ఎనిమిది వందలు అక్కడే హరించుకుపోయాయి.

అత్తయ్యగారికి షుగరు. మామయ్యగారికి డెబ్బై రెండు. జనవరిలో తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సులో మహమ్మారి జబ్బులకు మినహాయింపు ఉంది. జూలైలో మార్చి తీసుకున్న పాలసీ కోవిడ్‌కి ఇస్తుంది గానీ డెబ్బై దాటినవాళ్ళకు గరిష్ఠంగా 50,000 వరకే. ఇక్కడి ఆసుపత్రిలో ఐసీయూలో పడితే ఆ మొత్తం ఎంత తొందరగా అయిపోతుందో అమెరికాలో బిల్లు చూసిన ఎవరికైనా తెలుసు. ఆ పైన పడేది మా మీదే.

మా దగ్గర అత్యవసర నిధి 24,000 ఉంది, ఆరు నెలల ఖర్చు. దాన్ని ఎనిమిది వందలతో భాగించాను. ముప్పై వచ్చింది. ఈ ప్రయాణం వల్ల నిధి మొత్తం ఊడ్చుకుపోయే అవకాశం ముప్పైలో ఒకటి ఉన్నా చాలు, తగ్గింపు విలువ సున్నా. అది ముప్పైలో ఒకటా, మూడు వందల్లో ఒకటా అన్నది ఆ రోజు ఎవరికీ తెలియదు. పార్కు తెరిచిన మర్నాడే, జూలై 12న, ఫ్లోరిడాలో ఒక్క రోజులో 15,299 కేసులు నమోదయ్యాయి. సెప్టెంబరు 25న ఆ రాష్ట్రం వ్యాపారాల మీద ఆంక్షలు దాదాపుగా ఎత్తేసింది. 29న డిస్నీయే తన పార్కుల విభాగంలో 28,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ వార్త చదివాక హోటల్ చవకదనం నాకు అదృష్టంలా కనిపించలేదు. ఊరు ఊరంతా కష్టంలో ఉందనడానికి గుర్తుగా కనిపించింది.

ఆ 24,000 వెనక ఇంకో కారణం కూడా ఉంది. మా వారిది హెచ్-1బి వీసా. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. లీజు తెంచడం, కారు అమ్మడం, అందరికీ విమాన టికెట్లు కొనడం, ఇవన్నీ ఆ రెండు నెలల్లోనే జరగాలి. సిటిజన్ల ఇంట్లో ఆరు నెలల నిధి జాగ్రత్త అనిపించుకుంటుంది, మా ఇంట్లో అది వీసాలో ఒక భాగం.

అందుకే వెళ్ళలేదు. 3,400 తీసుకెళ్ళి నిధిలో కలిపాను. వడ్డీ అప్పటికి ఒక శాతం లోపుకు పడిపోయింది, అయినా కలిపాను. ఫోన్లో విషయం చెబితే అన్నయ్యగారు, "భయానికి మందు లేదమ్మా" అన్నారు. నా కాగితం చదివి వినిపిస్తానన్నాను. వినలేదు.

నవంబరులో మా వారి ప్రాజెక్టు ఆగిపోయింది, వెంటనే ఉద్యోగమూ పోయింది. పాత ఆరోగ్య బీమాను కొనసాగించుకునే కోబ్రా ప్రీమియం నెలకు 1,800. ఇంటి ఖర్చు 4,000. నా జీతం పోను నెలకు నాలుగు వేలకు పైగా నిధి నుంచే తీశాం. అరవై రోజుల గడువు ముగిసేలోపే కొత్త కంపెనీ పిటిషన్ వేసింది. 27,400లో ఎనిమిది వేలు కరిగి 19,400 మిగిలింది.

ఇక్కడ లెక్క తప్పు చెప్పను. డిస్నీకి 3,410 ఖర్చు పెట్టి ఉన్నా ఆ రెండు నెలలు గడిచేవే. నిధిలో పదహారు వేలు మిగిలేవి. మమ్మల్ని కాపాడింది స్టిమ్యులస్ డబ్బు కాదు. కానీ అక్టోబరులో వెళ్ళి, మామయ్యగారు ఆసుపత్రిలో పడి, ఆ బిల్లు మా నెత్తిన ఉండగా నవంబరులో ఉద్యోగం పోయి ఉంటే? ఒక కష్టానికి దాచిన డబ్బు రెండు కష్టాలకు సరిపోదు. రెండూ ఒకేసారి వచ్చే కాలమది. ఆ చలికాలమంతా నిధి బ్యాలెన్సు చూసినప్పుడల్లా నా నిర్ణయం సరైనదేనన్న ధైర్యం కలిగేది. ఇవాళ్టికీ ఆ ధైర్యం చెక్కుచెదరలేదు.

2022 అక్టోబరులో వెళ్ళాం. టీకాలు వచ్చాయి, బాణసంచా తిరిగొచ్చింది. టికెట్ పెద్దవాళ్ళకు 560, మా ఇద్దరికీ, పెద్దవాళ్ళ లెక్కలోకి వచ్చేసిన పెద్దాడికీ 1,680. చిన్నదానికి 540. లైన్లో ఎక్కువసేపు నిలబడకుండా ఒకప్పుడు ఉచితంగా ఇచ్చిన ఫాస్ట్‌పాస్ బదులు డబ్బు కట్టే జీనీ ప్లస్ వచ్చింది, రెండు రోజులకు 160. హోటల్ 850, పెట్రోలు 120, పార్కింగ్ 100, తిండి 350. మొత్తం 3,800, అదీ నలుగురికే. అత్తయ్యగారూ మామయ్యగారూ 2021 మొదట్లోనే ఆరోగ్యంగా తెనాలి వెళ్ళిపోయారు. వాళ్ళు కూడా ఉండి ఉంటే 4,920. పాత లెక్క కన్నా 1,510 ఎక్కువ.

ఈ సంగతి తెలిసి అన్నయ్యగారు అన్న మాట: "చూశావా, ఎనిమిది వందలు అన్నాను, పదిహేను వందలైంది. పెద్దవాళ్ళకి చూపించనూ లేదు." మొదటి వాక్యం నిజమే. ఆ పదిహేను వందలూ రెండేళ్ళ నిశ్చింతకు కట్టిన ప్రీమియం అనుకుంటే నాకు ఖరీదనిపించదు. రెండో వాక్యమే బాధపెట్టింది. అత్తయ్యగారు ఆ డిస్నీ కోట చూడలేదు, ఇక అంత దూరం రాలేనంటున్నారు. ఆ లోటుకు నా కాగితంలో గడి లేదు. ఉన్నా, ఆవిడ ఆరోగ్యానికి ఎదురుగా రాసేదాన్ని కాదు.

ఎన్నోసార్లు ఆలోచించాక నాకు అర్థమైంది ఇది. అన్నయ్యగారి కూడికలో ఎక్కడా తప్పు లేదు, ఆయన వేసింది వాళ్ళింటి లెక్క. వాళ్ళు సిటిజన్లు. ఇద్దరివీ జీతంతో సెలవులిచ్చే ఉద్యోగాలు. పిల్లలు పెద్దవాళ్ళు, ఇంట్లో షుగరున్న ముసలివాళ్ళు లేరు. అలాంటి ఇంటికి అక్టోబరు ప్రయాణం ఖరీదు కాగితం మీద ఉన్నంతే, మిగులు నిజంగానే మిగులు. అదే ప్రయాణం మా ఇంటికి వచ్చేసరికి ఖరీదు మారిపోతుంది. టికెట్ మీద వేసే ధర అందరికీ ఒకటే, ప్రమాదం ధర మాత్రం ఏ ఇంటికా ఇంటికి వేరు. అది ఎవరూ ముద్రించి ఇవ్వరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఖర్చు విషయంలో ఆ లోకువ మరీ ఎక్కువ, ఎందుకంటే తేడా వస్తే కట్టేది వినేవాడే.

అప్పటి నుంచి మా ఇంట్లో ప్రయాణాలకు వేరే ఖాతా ఉంది. నెలకు 150 డాలర్లు అందులోకి వెళ్తాయి, అత్యవసర నిధిని దేనికీ ముట్టుకోం. ఏది బుక్ చేసినా ముందు రద్దు షరతులు చదువుతాం, ఆ తర్వాతే ధర చూస్తాం. బంధువులు సలహా ఇస్తే శ్రద్ధగా వింటాను, అంకెలు రాసుకుంటాను, థ్యాంక్స్ చెబుతాను. తర్వాత మా ఇంటి వీసా, మా ఇంటి వయసులు, మా ఇంటి బీమా ఆ అంకెలకు చేర్చి మళ్ళీ మొదటి నుంచి కూడుతాను. మీరూ అలాగే చేయండి. ఎంత దగ్గరివాళ్ళు చెప్పినా సరే.