సిరిమాను సంబరములో తెలిసిన ఆటల మర్మము

విజయదశమి వెళ్ళిన పిమ్మట వచ్చు మంగళవారమున విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరము జరుగును. ఏటేట ఇంటిల్లిపాదియు పోవువారము. ఈ మారు నేనును, పదునాలుగేండ్ల మా పిల్లవాడును మాత్రమే బయలుదేరితిమి. శ్రీకాకుళము రోడ్డు అని పేరుగల ఆమదాలవలస స్టేషనులో రైలెక్కునప్పటికి వాడు నాతో నోరు విప్పి మాటలాడి ఇరువది దినములైనది.

కారణము చెప్పుటకు సిగ్గగుచున్నది. అయినను నావంటి తల్లులు పెక్కుమంది యుందురను ధైర్యముతో చెప్పుచున్నాను. సెల్‌ఫోనులో నాడు తుపాకుల యాట యొకదానిలో తన బొమ్మకు క్రొత్త దుస్తులు కొనుటకై వాడు మాకు తెలియనీయక తండ్రిగారి ఖాతానుండి 340 రూపాయలు చెల్లించెను. వారు ఫోను లాగుకొని బీరువాలో పెట్టి తాళము వేసిరి. నేను నాలుగు మాటలు ఎక్కువగానే యంటిని. వానిలో “దొంగ” యనునది యొకటి.

సన్నని ఖద్దరుకు పేరుపడిన పొందూరు దాటినది, చీపురుపల్లి దాటినది. వాడు కిటికీలోనుండి వరిచేలను చూచుచునే యున్నాడు. తుదకు నేనే, “నాయనా, ఆ యాటలలో నీకు రుచించిన దేమో చెప్పుము. నేను తిట్టను” అంటిని. కొంతసేపటికి మెల్లగా మొదలు పెట్టెను.

ఆటలన్నియు నొక్క తీరువి కావట. 1984వ సంవత్సరమున మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అను నతడు కల్పించిన ‘టెట్రిస్’ అన్నింటను మేలైనదట. పైనుండి రకరకముల ముక్కలు పడుచుండును. వానిని త్రిప్పి సందులేకుండ పేర్చవలెను. వరుస నిండినచో మాయమగును. “నీవు వంటింటి అలమారులో గిన్నె లమర్చునట్లే యమ్మా” అనెను. ఇరువది దినముల తరువాత వాని నోట ‘అమ్మా’ యను మాట వినుట అదే మొదలు. 1980లో జపానులో పుట్టిన ‘ప్యాక్‌మాన్’ ఆటను తోరు ఇవతాని అను నతడు స్త్రీలు కూడ ఆడవలెనను కోరికతోనే, తినుబండారముల తలపు మీద కల్పించెనట. ఇది విని నాకు నవ్వు వచ్చినది.

అన్నిటికంటె వానికి ప్రియమైనది స్వీడను దేశీయుడు కల్పించిన ‘మైన్‌క్రాఫ్ట్’ అట; 2011లో పూర్తిరూపమున వెలువడినది. అందు ఘనములవంటి దిమ్మెలతో ఇండ్లు, ఊళ్ళు కట్టుకొనవచ్చును. తండ్రికి బదిలీ కాగా చెన్నపట్టణము వెళ్ళిపోయిన స్నేహితుడును వాడును కలిసి దానిలో అరసవల్లి గుడిని, కోనేటిని కట్టుచున్నారట. “గోపురము సగములో నున్నది. నేనెందుకు రావడము లేదో వానికి తెలియదు” అనెను. మేము తాళము వేసినది ఫోనుకు మాత్రమే యనుకొంటిమి గదా! ఇంతలో నెల్లిమర్ల కూడ దాటి విజయనగరము చేరితిమి.

1713లో కట్టిన కోట దగ్గర జనము క్రిక్కిరిసి యున్నారు. దారిపొడుగున బొమ్మల దుకాణములు. బ్యాటరీతో పరుగెత్తు కార్లు, మీట నొక్కిన పాడు కుక్కపిల్లలు ఒకవైపు. ఏటికొప్పాక లక్కబొమ్మలు వేరొకవైపు. అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుచున్న కర్రకు లక్కను ఒత్తగా, ఆ రాపిడి వేడికే లక్క కరగి కర్రకు పట్టుకొనును. గింజలు, ఆకులు, వేళ్ళ నుండి తీసిన రంగులు అందు కలుపుదురు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. నేను పాడు కుక్కపిల్లను చూపి, “చెల్లికి కొందుమా?” యంటిని. “వద్దమ్మా. అది యాడును, మనము చూచుచుందుము. బొంగరమైనచో మన మాడింపవలెను” అని లక్క బొంగరమును ఏరెను.

ఆ ప్రక్కనే రింగులు విసరు ఆట. ఇరువది రూపాయలకు అయిదు రింగులు. ఒక స్టీలు డబ్బాపై నా కన్ను పడినది. అయిదును వేసితిని, చివరిది అంచు తాకి జారినది. “అయ్యో, కొద్దిలో పోయినదమ్మా!” అనెను దుకాణదారు. మరల అయిదు వేసితిని, అవియు పోయినవి. మూడవసారి నా చేయి సంచిలోనికి పోవుచుండగా పిల్లవాడు పట్టుకొని, “అమ్మా, నాకును ఇట్లే అయినది” అనెను.

ఆ యాట ఉచితమని పిలుతురట. కాని ఉచితముగా నాడువానికి ఎప్పుడును ఏదో కొరత యున్నట్లే తోపింతురట. తోడివారందరు మెరుపు దుస్తులు వేసికొనగా తన బొమ్మ యొక్కటే వెలవెలబోయినదట. పందెపు సొమ్ముతో నాడు ఆన్‌లైను ఆటలను మన రాష్ట్రము 2020లోను, పార్లమెంటు 2025లోను చట్టముచేత నిషేధించినవి. కాని బొమ్మకు దుస్తులు కొనుట పందెము కాదు. ఆ కాపలా మనమే కాయవలెను.

సాయంకాలమున సిరిమాను కదలినది. పొడవైన చింతమాను కొనను కూర్చున్న పూజారి ఆకసమున తేలివచ్చుచుండగా జనమెల్ల చేతులు మోడ్చిరి. ఆ సందడిలోనే వాని చెవిలో, “నిన్ను దొంగ యంటిని. ఆ మాట తప్పు. చెప్పక తీసికొనుటయు తప్పే” యంటిని. వాడు తల యూపి నా చేయి వదలలేదు.

ఇంటికి వచ్చి వారితో చెప్పితిని. ఇప్పుడు సాయంకాలము ఒక గంటసేపు ఫోను బీరువానుండి వెలికి వచ్చును; డబ్బు చెల్లించు సంకేతము మా యొద్దనే యుండును. ఆ 340 రూపాయలను వాడు నెలకు ఇంతయని తన చేతిఖర్చులోనుండి తీర్చుచున్నాడు. అరసవల్లి గోపురము పూర్తియైనది; నేను కన్నులార చూచితిని. నాకు టెట్రిస్ నేర్పినాడు, నేను వానికి వామనగుంటలు నేర్పితిని. పదునాలుగు గుంటలలో చింతగింజలు పంచుటలో వాడిప్పుడు నన్నే ఓడించుచున్నాడు.

సోదరీమణులారా, పిల్లల ఫోనుకు తాళము వేయక తప్పని దినములుండును. వేయుటకు ముందు మాత్రము, “అందులో నీకేమి రుచించినది?” అని యొక్కమాట అడుగుడు. నే నడుగుట కిరువది దినములు పట్టినది.