నిద్ర లెక్క

రాజుకైనా పేదకైనా కళ్లు మూస్తే ఒకటే చీకటి అంటారు. ఆ మాట మీద నాకెప్పుడూ నమ్మకం కుదరలేదు.

అమెరికాలో ఈ లెక్క తీశారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2014లో నాలుగు లక్షలకు పైగా పెద్దవాళ్లను ఫోన్లో అడిగింది: రోజుకు ఎన్ని గంటలు పడుకుంటారు? కనీసం ఏడు గంటలన్నవాళ్లు తెల్లవాళ్లలో నూటికి 67 మంది, నల్లవాళ్లలో 54 మంది. పేదరికం వల్లేనంటారా? 2004 నుంచి 2018 దాకా లెక్కలు చూస్తే, డబ్బున్న నల్లవాళ్లకూ నిద్ర చాలలేదు. రాత్రి డ్యూటీలు, రొద తగ్గని వాడలు కొంత కారణం. జాతి పేరున వివక్షకు గురయ్యామని చెప్పినవాళ్లకు గాఢనిద్ర తక్కువని ఇంకో పరిశోధన చెప్పింది. పగలు పడ్డ మాట రాత్రి పక్కలోకీ వస్తుందన్నమాట.

బానిసలుగా అమ్ముడుపోయినవాళ్ల చరిత్ర వేరు, మాది వేరు. అయినా అది చదువుతుంటే మా అబ్బా కళ్లముందు మెదిలాడు. 1990 డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీలో కత్తులు తిరిగినప్పుడు మా గల్లీ మగవాళ్లు వంతులేసుకుని పహరా కాశారు. కర్ఫ్యూ ఎత్తేశారు. అబ్బా మాత్రం పహరా ఎత్తెయ్యలేదు. ఏళ్లు గడిచినా సందులో జీపు చప్పుడైతే లేచి కూచునేవాడు. 'కుఛ్ నై, సోజావ్ జీ' అనేది అమ్మీ. ఆమె కూడా మేలుకునే ఉండేది.

'మీ పాతబస్తీ రాత్రంతా నిద్రపోదు, భలే సరదా భాయ్' అంటాడొక రచయిత మిత్రుడు. రంజాన్‌లో హలీం తినడానికి వస్తాడు. అతనికి చార్మినార్ దీపాలు కనిపిస్తాయి. ఆ వెలుగు వెనక ఒక్క గదిలో ఎనిమిది మంది ఉంటారు. రాత్రంతా ఆటో తోలిన కొడుకు పొద్దున నడుం వాల్చాలంటే, లక్క గాజులు చేసే తల్లి బొగ్గుల కుంపటి గడప బయటికి జరపాలి. నిద్రను కూడా వంతులేసుకునే ఇళ్లివి.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వెళ్లినవాళ్లు చచ్చిపోయారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకెళ్లింది ముస్లిం కుర్రాళ్లనే. అందులో ఎంతోమందిని కోర్టులు నిర్దోషులన్నాయి. కానీ వయసొచ్చిన కొడుకు ఇంట్లో ఉన్న తల్లులు ఆ రాత్రుల్లో ఎలా పడుకున్నారో ఏ తీర్పులోనూ రాయలేదు. పోయిన నిద్రకు పరిహారం ఎవరిస్తారు?

టీ తగ్గించండి, గది చీకటి చేసుకోండి అంటారు డాక్టర్లు. మా గదులు చీకటివే. మాకు కావలసింది, అర్ధరాత్రి తలుపు కొట్టింది చుట్టమేనని అనుకోగలిగే ధీమా. అది మందుల షాపులో దొరకదు. పక్క వాడలో హాయిగా పడుకునే మీ చేతుల్లోనే అది కొంత ఉంది.